మలుపు దగ్గర హారన్

కార్ల షెడ్డు నడిపే ఎందుకయ్యకి ఆ పేరు పెట్టింది అతని బావే. అక్క పెళ్ళయ్యేనాటికి ఇతను చిన్న పిల్లాడు. తల్లీ తండ్రీ లేరు. అక్క వెంట అత్తారింటికి చేరిన సామానులో ఇతనూ ఒకడు. బావ టాక్సీ డ్రైవరు. బేరం లేని వేళల్లో పిల్లాణ్ణి ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. వీడేమో కంటబడ్డ ప్రతిదాన్నీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తోడేసేవాడు. ఇంకొకడైతే నోర్మూసుకోమని రెండు తగిలించేవాడు. బావ కారు నెమ్మది చేసి మరీ చెప్పేవాడు.

డ్రైనేజీ మూత గుండ్రంగానే ఎందుకుంటుంది? నలుచదరంగా ఉంటే ఏ మూలకో తిరిగి తన గోతిలో తనే పడిపోతుంది, గుండ్రటిది ఎటు తిప్పినా పడదు. మండుటెండలో ముందున్న రోడ్డు తడిసినట్టు ఎందుకు మెరుస్తుంది? అవి నీళ్ళు కాదురా, ఆకాశం, నేలమీది వేడిగాలి అద్దంలా దాన్ని చూపిస్తోంది. చెయ్యి వదిలేస్తే పాత కారు పక్కకి ఎందుకు లాగుతుంది? వాన నీళ్ళు జారిపోవాలని రోడ్డు మధ్యలో ఉబ్బుగా వేస్తారు, ఆ వాలుకి పోతుంది, దానికేం దయ్యం పట్టలేదు.

చెప్పడం అయ్యాక చివర్న ఒక మాట అనేవాడు. "కారణం లేనిది ఏదీ ఉండదురా. కాకపోతే సగం దొరగ్గానే ఆగిపోకు. ఇంకా వెతుకు."

ఆ మాట నమ్ముకునే ఎందుకయ్య మెకానిక్కయ్యాడు. తలుపు కిర్రుమన్నా, ఇంజను దగ్గినా కారణం పట్టుకునేదాకా అతనికి తిండి సయించదు.

బావకి ఒక వింత అలవాటు ఉండేది. హారన్ కొట్టేవాడు కాదు. "ఎదుటివాణ్ణి అరిచి తప్పుకోమనేవాడు డ్రైవరేమిటి? మనమే కనిపెట్టుకుని పోవాలి" అనేవాడు. టాక్సీ స్టాండులో ఆ కారుని మూగ కారు అని వెక్కిరించేవారు. అలాంటి మనిషి ఒక్కచోట మాత్రం కొట్టేవాడు. సాయంత్రం ఇంటికొస్తూ తన వీధిలోకి ఎడమకి తిరిగే మలుపులో, రోడ్డు మీద కాస్త ఎత్తుగా లేచి ఉన్న డ్రైనేజీ మూత దగ్గర, పొట్టిగా ఒకే ఒక్కటి. అది వినబడగానే అక్క వచ్చి గేటు తీసేది. ఎందుకయ్యకి డ్రైవింగు నేర్పేటప్పుడు కూడా ఆ మలుపు రాగానే పిల్లాడి అరచేతి మీద తన అరచెయ్యి వేసి నొక్కించేవాడు. "ఇక్కడ మీ అక్కకి చెప్పాలిరా" అనేవాడు.

అలాంటి బావ ఒకనాడు టాక్సీ స్టాండులో, స్టీరింగు ముందు కూర్చునే పోయాడు. పోతూ పోతూ కూడా పద్ధతి తప్పలేదు. కారు పక్కకి తీసి, హ్యాండ్‌బ్రేకు వేసి, ఇంజను ఆపి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకుని తోటి డ్రైవర్లు చాలాసేపు కదపనేలేదట. ఆసుపత్రి దగ్గర మేనకోడల్ని ఉంచి, అక్కకి చెప్పే పని నెత్తిన వేసుకుని ఎందుకయ్య ఆ కారులోనే ఇంటికి బయల్దేరాడు. దారి పొడుగునా మాటలు పేర్చుకోవడం, పడగొట్టుకోవడం. వీధి మలుపు తిప్పాడు. చక్రం మూతమీద ఎక్కి దిగింది.

హారన్ మోగింది.

ఇతను కొట్టలేదు. ఎవరు అడిగినా ఒట్టేసి చెప్తాడు. రెండు చేతులూ స్టీరింగు అంచునే ఉన్నాయి. పొట్టిగా ఒకటి, అచ్చం బావ కొట్టినట్టే. ఈలోగా గేటు తెరుచుకుంది. "ఇవాళ తొందరగా వచ్చారే" అంటూ అక్క నవ్వుమొహంతో ఎదురొచ్చి, ముందు అద్దంలోంచి తమ్ముణ్ణి చూసింది. ఆ నవ్వు ఎటు పోవాలో తెలియనట్టు కాసేపు మొహం మీదే నిలబడి, మెల్లిగా పోయింది. పేర్చుకున్న మాటల్లో ఒక్కటీ వాడాల్సిన పని పడలేదు.

ఆ తర్వాత బ్యాటరీ పాడవకుండా కారుని అప్పుడప్పుడూ తిప్పి తెచ్చే పని ఎందుకయ్యకే వచ్చింది. తిప్పి తెచ్చిన ప్రతిసారీ, మలుపులో, మూతమీద, హారన్ దానంతటదే మోగేది. వీధి మొత్తంలో ఇంకెక్కడా మోగదు. అక్క గేటు తీసేది. మొదట్లో ఏమీ అనేది కాదు. పోనుపోను "ఒక్కసారి అలా తిప్పుకు రారా" అని రోజూ అడగడం మొదలుపెట్టింది. కారు వాకిట్లో ఆపాక ఇతను దిగిపోయినా తను ఎక్కి పక్క సీట్లో కూర్చునేది. ఏదో మాట్లాడుకునేది. కిటికీలోంచి చూస్తే పెదాలు కదలడం కనిపించేది, మాట వినబడేది కాదు.

ఒకరోజు కళ్ళద్దాల షాపులో పనిచేసే మేనకోడలు షెడ్డుకొచ్చింది. స్టూలు మీద కూర్చుని ఏడుపు, కోపం రెండూ కలిపి వాయించింది.

"మామయ్యా, నిన్న నువ్వు రాలేదు. అమ్మ చీకటి పడేదాకా గేటు పట్టుకుని నిలబడింది. భోజనానికి రమ్మంటే, 'ఉండవే, ఆయన రానీ' అంది. అనేశాక తనకే భయమేసినట్టుంది, నా మొహం చూళ్ళేదు. ఊళ్ళోవాళ్ళ కార్లకి దగ్గొచ్చినా తుమ్మొచ్చినా ఇట్టే పట్టేస్తావు కదా. మా కారు దగ్గరికొచ్చేసరికి చేతులు కట్టుకు కూర్చుంటావేం?"

"చూస్తున్నానమ్మా..." అని నీళ్ళు నమిలాడు.

"చూడటం కాదు, అది ఎందుకు మోగుతోందో అమ్మకి చెప్పు. నీ పేరే అది కదా!"

ఆ పిల్లకి ఏం చెప్తాడు? అతనికి భయం. కారణం దొరకదేమోనన్న భయమైతే ఎంతో బాగుండేది. తప్పకుండా దొరుకుతుందనే అతని భయం.

ఆ సాయంత్రం కారు తిప్పి తెచ్చాక తనూ దిగకుండా కూర్చున్నాడు. అక్క వచ్చి పక్కన కూర్చుంది. ఇంజను ఆగిన కాసేపటికి కింద ఎక్కడో టిక్, టిక్ మని మొదలైంది. అక్క చెయ్యెత్తి ఆగమంది.

"విన్నావా? ఇల్లు చేరాక దిగబోయే ముందు స్టీరింగు మీద గోటితో అలాగే కొట్టేవారు కదరా."

"అది సైలెన్సరు గొట్టం అక్కా. నడిచేటప్పుడు కాగి సాగుతుంది. ఆపాక చల్లారుతూ ముడుచుకుంటుంది. అప్పుడు అలా చప్పుడవుతుంది. ఏ కారైనా అంతే."

"అలాగా" అంది అక్క. కాసేపు విని, "మరి సిగరెట్టు వాసనో? మొన్న ముసురు పట్టిన రోజు గుప్పుమంది. ఇప్పుడే కాల్చి పారేసినట్టు."

"పైకప్పు గుడ్డ బావ సిగరెట్ల పొగని ఏళ్ళ తరబడి పీల్చుకుందక్కా. తేమ తగిలితే వదులుతుంది. ఎండల్లో రాదు, గమనించు."

అక్క గమనించనక్కర్లేదన్నట్టు తలాడించింది. టిక్ టిక్ ఆగిపోయింది. పైకప్పు మీది పసుపురంగు మరకని చూస్తూ అక్క అంది. "అన్నిటికీ కారణం చెప్తావు. ఆయన పెంపకం మరి. పోనీ, ఈ రెండూ నువ్వే తీసుకో. హారన్ మాత్రం నాకు వదిలెయ్‌రా. అది కొట్టేది ఆయనే. దాని జోలికి పోకు."

సరేనని మాటిచ్చాడు. నిలబెట్టుకునేవాడే. కానీ తర్వాతి వారం అతనికి జ్వరం వచ్చి మంచం దిగలేదు, కారు కదల్లేదు. అక్క గేటు దగ్గరే కళ్ళు తిరిగి పడిపోయింది. పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదని డాక్టరు దగ్గర బయటపడింది. మేనకోడలు ఫోన్లో తిట్టలేదు, ఏడవలేదు. "నాన్న పోయారు. ఇప్పుడు అమ్మ కూడా పోతోంది మామయ్యా, అదే కారులో" అంది.

జ్వరం తగ్గగానే, బ్రేకులు చూడాలని అబద్ధం చెప్పి కారుని షెడ్డుకి తోలుకొచ్చాడు. స్టీరింగు మీది హారన్ మీట విప్పాడు. విప్పీ విప్పగానే దొరికింది. అంత తేలిగ్గా దొరికినందుకు అతనికి కారు మీద ఒళ్ళు మండింది.

మీట కింద మూడు చిన్న స్ప్రింగులు ఉంటాయి. మీటని పైకెత్తి పట్టుకోవడమే వాటి పని. చేత్తో నొక్కితే మీట దిగి అడుగునున్న రాగిరేకుకి తగులుతుంది, హారన్ మోగుతుంది. ఆ మూడింట్లో ఒకటి జావగారిపోయింది. స్టీరింగుని బాగా ఎడమకి తిప్పితే ఆ నీరసపు వైపు కిందకొస్తుంది. సరిగ్గా అప్పుడే చక్రం మూతమీద ఎక్కి కుదిపితే మీట ఒరిగి రేకుకి తగులుతుంది. అంత మలుపూ అంత కుదుపూ కలిసేది ఆ వీధి మొదట్లోనే. అంతే. దయ్యమూ లేదు, బావా లేడు. మూడూ తీసి రేకుడబ్బాలో పడేసి, కొత్తవి బిగించాడు.

ఆ సాయంత్రం కారు తీసుకెళ్తుంటే చంపడానికి ఎవరినో వెంట తీసుకెళ్తున్నట్టుంది. మలుపు వచ్చింది. తిప్పాడు. చక్రం మూతమీద ఎక్కింది, దిగింది.

ఏమీ లేదు. ఇంజను చప్పుడు, పక్కింటి రేడియో, అంతే.

గేటు తెరుచుకోలేదు. గేటు చువ్వల వెనక అక్క గడియ మీద చెయ్యేసి నిలబడి ఉంది. ఎందుకయ్యే దిగి గేటు తీసుకున్నాడు.

"పలకలేదేరా" అంది.

చెప్పాడు. స్ప్రింగు, రేకు, మలుపు, మూత. షెడ్డులో గిరాకీలకి ఎలా చెప్తాడో అలాగే, తడుముకోకుండా. చెప్తూ ఉంటే అక్క మొహం ఎక్కడా మారలేదు. అంతా విన్నాక "మంచి పని చేశావు" అని లోపలికి వెళ్ళిపోయింది. అక్క ఒక్క తిట్టు తిట్టినా బాగుండేదని అతను అక్కడే నిలబడ్డాడు.

ఆ తర్వాత అక్క వేళకి తిన్నది, వేళకి పడుకుంది, అడిగినదానికి జవాబు చెప్పింది. మేనకోడలు మళ్ళీ షెడ్డుకొచ్చింది.

"అమ్మ బాగానే ఉంటోంది మామయ్యా. గేటు దగ్గరికి రావడం మానేసింది. కారు వైపు చూడటం మానేసింది."

"మంచిదేగా?"

"మంచిదే. కానీ అమ్మ నవ్వడం కూడా మానేసింది. ఇదివరకు ఇంట్లో ఎవరో ఉన్నారని భయమేసేది. ఇప్పుడు ఎవరూ లేరని భయమేస్తోంది."

ఆ పిల్ల వెళ్ళిపోయాక ఎందుకయ్య పని ముందు కూర్చున్నాడు కానీ చెయ్యి సాగలేదు. ఏదో మర్చిపోయిన బాధ. చాలాసేపటికి గుర్తొచ్చింది. షెడ్డు పెట్టిన నాడు బావ ఒక ఆనవాయితీ పెట్టాడు. ఏ సామాను మార్చినా పాతది కాగితంలో చుట్టి బండివాళ్ళ చేతికివ్వాలి. "వాళ్ళ వస్తువు రా అది. ఏం పాడయిందో వాళ్ళ కళ్ళతో చూసుకోవాలి" అనేవాడు. ఎందుకయ్య ఏనాడూ తప్పింది లేదు. అక్కకి మాత్రం ఇవ్వలేదు. మొహం చెల్లక, ఇవ్వాలని కూడా తోచలేదు.

రేకుడబ్బా వంచి మూడు స్ప్రింగులూ ఏరాడు. తుడిచి, కాగితం పరిచి, ఒక్కొక్కటే వేలితో నొక్కి చూశాడు. మొదటిది టపీమని లేచింది. రెండోదీ అంతే, నిన్న కొన్నదానిలా ఉంది. మూడోది వేలికింద అణిగి, లేవడానికి ఓపిక లేనట్టు ఉండిపోయింది.

ఒక్కటే ఎందుకు?

అన్ని కార్లవీ విప్పాడు. వాడి వాడి నీరసిస్తే మూడూ ఇంచుమించు ఒక్కలాగే నీరసిస్తాయి. రెండు కొత్తగా ఉండి ఒకటి చచ్చిపోవడం అతను ఇంతవరకూ చూడలేదు. సగం దొరగ్గానే ఆగిపోయానని అప్పుడు తెలిసింది. ఖాళీ గాలిలో స్టీరింగు పట్టుకున్నట్టు చేతులు పెట్టి, ఎడమకి బాగా తిప్పాడు. కుడి అరచెయ్యి జారి మీట మీదకి వచ్చింది. మణికట్టుకి దగ్గరి మెత్తటి చోటు సరిగ్గా కింది అంచున ఆనింది. ఆ అంచు కిందే మూడో స్ప్రింగు.

చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాడు.

అక్క ఇంట్లో కిటికీ దగ్గర బట్టలు మడతపెడుతోంది. కాగితం పొట్లం ఆమె ఒళ్ళో పెట్టాడు.

"ఏంట్రా ఇది?"

"నీ సామాను. ఆ రోజే ఇవ్వాల్సింది. నొక్కి చూడు."

ఒకటి నొక్కింది. రెండోది నొక్కింది. మూడోది నొక్కి, వేలు తీసి, అది లేస్తుందేమోనని చూసింది.

"ఇదేంటిలా అయిపోయింది?"

"బావ జన్మలో ఎక్కడా హారన్ కొట్టలేదక్కా. ఈ మలుపులో తప్ప. మలుపులో స్టీరింగు తిరిగి ఉంటుంది కదా, ఆయన అరచెయ్యి రోజూ ఒకే అంచున పడేది. అన్నేళ్ళూ ఆ ఒక్కదాన్నే నొక్కాడు. మిగతా రెండింటినీ ముట్టుకోనే లేదు." నీరసపు స్ప్రింగుని వేలితో చూపించాడు. "కారుది తప్పు కాదు. అది బావ చేతి గుర్తు. అందుకే బావ కొట్టినచోటే మోగేది."

తలుపు దగ్గర మేనకోడలు వచ్చి నిలబడింది. "మరి నాన్న ఉన్నప్పుడు దానంతటదే మోగలేదేం?"

"మోగిందో లేదో ఎవరికి తెలుసమ్మా? అప్పుడు చెయ్యి కూడా అక్కడే ఉండేది."

అక్క ఆ స్ప్రింగుని అరచేతిలో పెట్టుకుని వేళ్ళు మూసింది. తర్వాత తలెత్తి, "అయితే నేనన్నదే కదరా నిజం?" అంది.

"ఏమన్నావు?"

"ఆయనే కొడుతున్నారన్నాను."

లోకంలో అన్నిటికీ కారణం చెప్పే ఎందుకయ్య ఆ మాటకి తలూపాడు. అక్క అప్పుడు ఏడ్చింది. బావ పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. మేనకోడలు వచ్చి పక్కన కూర్చుంటే ఆ పిల్ల భుజం మీద వాలిపోయి ఏడ్చింది. ఎందుకయ్య గోడవైపు తిరిగి తనూ ఏడ్చాడు, దాచుకోవడం చేతకాక.

"మళ్ళీ బిగించమంటావా?" అని చివరికి అడిగాడు. "చిటికెలో పని. మళ్ళీ మోగుతుంది."

అక్క తల అడ్డంగా ఊపింది.

"వద్దు. మళ్ళీ పెడితే ఇంకా అరిగి ఏదో ఒకరోజు విరిగిపోతుంది. ఆయన్ని రెండోసారి పోగొట్టుకోలేను. నా దగ్గరే ఉంచుకుంటాను." కళ్ళు తుడుచుకుని, కూతురు షాపునుంచి తెచ్చిచ్చిన ఆయన పాత కళ్ళజోడు పెట్టె తెమ్మంది. స్ప్రింగుని అందులో పెట్టి మూసింది. "కారు ఎవరికైనా ఇచ్చెయ్యండి. నడిచే బండిని వాకిట్లో నిలబెట్టడం ఆయనకి ఇష్టముండదు."

కారు వెళ్ళిపోయింది. ఎవరో పాత కార్ల పిచ్చివాడు ముచ్చటపడి తీసుకున్నాడు. వాకిట్లో కారు ఉన్నచోట నూనె మరక మాత్రం మిగిలింది, అక్క దాన్ని కడగనివ్వలేదు.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం ఎందుకయ్య షెడ్డు వ్యానులో అక్కని చూడబోయాడు. ఈ మధ్యే కొన్న బండి, హారన్ మీట గట్టిగా, సరిగ్గా ఉంది. ఎవరిదో గేరుబాక్సు గురించి ఆలోచిస్తూ వీధి మలుపు తిప్పాడు. చక్రం మూతమీద ఎక్కి దిగింది.

హారన్ మోగింది. పొట్టిగా ఒకటి.

కిందకి చూశాడు. తన కుడి అరచెయ్యి మీట అంచున ఉంది. ఎప్పుడు వెళ్ళిందో తెలియదు. తను పెట్టలేదు. ఆ చేతి మీద ఇంకో చేతి బరువు ఉన్నట్టు, అది తీస్తే తప్ప తనది రానట్టు, కాసేపు అలాగే ఉండిపోయింది. బావ పోయిన రోజున కూడా రెండు చేతులూ అంచునే ఉన్నాయని ఎన్నిసార్లు ఒట్టేశాడో గుర్తొచ్చింది. నిజంగా ఉన్నాయా? ఎందుకని వెతకబోయాడు. సగంలో ఆగిపోయాడు.

ముందు గడియ చప్పుడైంది. గేటు తెరుచుకుంది. అక్క చెయ్యి తుడుచుకుంటూ, నవ్వుమొహంతో వీధిలోకి వచ్చింది.

"ఇవాళ తొందరగా వచ్చావే" అంటూ, ముందు అద్దంలోంచి తమ్ముణ్ణి చూసింది. ఆ నవ్వు ఎక్కడికీ పోలేదు.